సువార్తమ్మ కాలు మంచిది

రైతు సాయం సొమ్ము పడాల్సిన రోజున దోనెలపాడులో ఏ రైతు సెల్లూ మోగలేదు. ఒక్క సువార్తమ్మ సెల్లు మాత్రం మోగడం మానలేదు.

ఆవిడ వాకిట్లో పీటేసుకుని ఎండు మెత్తళ్ల చేపల తలలు తుంచుతోంది. గోడ మేకుకి తగిలించిన సంచిలో పాత బటన్ల సెల్లు టింగుమంది. కాసేపాగి మళ్లీ టింగుమంది. ఆ తరవాత ఇక ఆగలేదు. మెత్తళ్ల కోసం కాచుక్కూచున్న పిల్లి బెదిరి గోడ దూకింది. సువార్తమ్మ సెల్లుని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికేదో గాలి సోకింది" అని తేల్చేసి, బియ్యం డబ్బాలో కూరి మూత పెట్టింది. నీళ్లలో పడ్డ సెల్లుకి బియ్యం మందని ఎవరో అనగా విన్నది. నీళ్లలో పడని సెల్లుకి ఆ మందు పనిచెయ్యదని మాత్రం ఎవరూ చెప్పలేదు కదా.

అదే వేళకి ఊరి వ్యవసాయ కేంద్రంలో ఏలీషాకి చెమటలు కారిపోతున్నాయి. ఏలీషా సువార్తమ్మ చెల్లెలి కొడుకు. వాళ్ల పేటలో డిగ్రీ ముఖం చూసిన మొదటివాడు. వ్యవసాయమే చదివి, సొంత ఊళ్లోనే వ్యవసాయ సహాయకుడి ఉద్యోగం తెచ్చుకుని, ఎండాకాలంలో కూడా చొక్కాకి మెడదాకా గుండీలు పెట్టుకు తిరిగే మనిషి. ఇప్పుడు గది నిండా రైతులు. అందరికంటే ముందు కాశీబాబు. ఊళ్లో పెద్ద కమతం ఆయనదే.

"ఏరా ఏలీషా, మా సొమ్మేదిరా?"

"పడిందండి."

"ఎక్కడ పడిందిరా, మురుక్కాలవలోనా?"

ఏలీషా కంప్యూటర్లో కాశీబాబు చేను తెరిచాడు. సొమ్ము జమ అయింది. సాగుదారు: మెల్లం సువార్తమ్మ. కళ్లు నులుముకుని ఇంకో చేను తెరిచాడు. సువార్తమ్మ. ఇంకోటి. సువార్తమ్మ. చివరికి వాళ్ల నాన్న కౌలుకి చేస్తున్న అరెకరం తెరిచాడు. అక్కడా సువార్తమ్మే.

"ఊళ్లో చేలన్నీ మా పెద్దమ్మే సాగు చేస్తోందంటోందండి మట్టిసాక్షి యంత్రం," అన్నాడు. ఆ మాట అంటున్నది తానేనా అని తనకే అనుమానం వచ్చింది.

"మీ పెద్దమ్మా? దానికి సెంటు భూమి లేదు కదరా!" అన్నాడు కాశీబాబు. వెనకనుంచి ఎవరో అందుకున్నారు: "భూమి లేదు గానీ కంప్యూటరు ముందు కొడుకున్నాడు."

అక్కడితో సగం ఊరికి సంగతి అర్థమైపోయింది. అంటే, తప్పుగా అర్థమైపోయింది.

*

మట్టిసాక్షిని కనిపెట్టింది పరిశోధనా కేంద్రంలో మట్టి శాస్త్రం చెప్పే డాక్టర్ భార్గవి. ఏలీషా ఆవిడ దగ్గర చదువుకున్నాడు. ఆ రోజుల్లో ఒకసారి ఆవిడ ప్రయోగశాలలో ఆరేడు సిమెంటు తొట్లు పెట్టించి, వాటినిండా బురద పోయించి, "నీకిష్టమైన తొట్లో ఉత్తి కాళ్లతో దిగి కాసేపు తొక్కు. ఏ తొట్లో దిగావో నాకు చెప్పకు," అని తలుపేసుకుని వెళ్లిపోయింది. వారం పోయాక రాగి మొన ఉన్న కడ్డీ ఒకటి పట్టుకొచ్చి తొట్టి తొట్టికీ గుచ్చింది. కడ్డీకి ఉన్న పెట్టె ఒకచోట కుక్కరు విజిల్లా కూసింది.

"ఇందులో దిగావు. పక్క తొట్లో కూడా ఓసారి కాలు పెట్టి తీసేశావు. ఎందుకు?"

"ఏది చల్లగా ఉందో చూద్దామనండి," అన్నాడు ఏలీషా సిగ్గుపడుతూ.

మన అరికాళ్ల మీద కంటికి కనపడని జీవాలుంటాయనీ, ఒకరివి ఉన్నట్టు ఇంకొకరివి ఉండవనీ, బురదలో దిగిన ప్రతిసారీ కొన్నిటిని అక్కడ వదిలేస్తామనీ, అవి ఆ మట్టిలోవాటితో కాపురం పెట్టి పిల్లాపాపలతో వర్ధిల్లుతాయనీ ఆవిడ అప్పుడు చెప్పింది. "మనం మట్టిని మరిచిపోతాం గానీ మట్టి మనల్ని మరిచిపోదు ఏలీషా." ఆ మాట అతని గుండెల్లో నాటుకుపోయింది.

పైవాళ్లకి మాత్రం ఇంకో మాట నచ్చింది. ఊరు మొహం చూడని ఆసామి ఖాతాలో సొమ్ము పడుతుంటే, చేలో దిగినవాడు నోట్లో వేలేసుకుని కూర్చుంటున్నాడు. కడ్డీ గుచ్చితే మట్టే చెబుతుంది, అసలు రైతెవరో. మధ్యలో మనిషి చెయ్యి పడనక్కర్లేదు. పరిశోధనా కేంద్రం పొలంలో ఒక్కో మడికి ఒక్కో విద్యార్థిని పెట్టి చూశారు. ఒక్కసారి కూడా తప్పలేదు. ఇంక దోనెలపాడులో మొదలుపెట్టమన్నారు.

యంత్రంతోపాటు ఒక ఇత్తడి పలక వచ్చింది. రైతు దాని మీద ఉత్తి కాలు మోపి, బ్యాంకు ఖాతా చెబితే చాలు. తీరా ఆ రోజున ఒక్కడూ ముందుకు రాలేదు. కాలు పెడితే భూమి లాగేసుకుంటారని ఒకడు, షాకు కొడుతుందని ఒకడు. అప్పుడు కాశీబాబే అన్నాడు: "మంచి పనికి మొదలు మంచి కాలు పడాలి. సువార్తని పిలవండ్రా."

ఎందుకంటే దోనెలపాడులో సువార్తమ్మ కాలు మంచిది.

ఆవిడ ఊడుపుల ముఠాకి మేస్త్రి. వానాకాలం సార్వాకి గానీ రెండో పంట దాళ్వాకి గానీ, నీళ్లు పెట్టి దమ్ము చేసిన చేలో మొదట ఆవిడ కాలే పడాలి, మొదటి నారు కుదురు ఆవిడ చేత్తోనే పడాలి. ముఠాలో మిగతావాళ్లు కాళ్లు పాసిపోతున్నాయని రబ్బరు మేజోళ్లు వేసుకున్నా, ఆవిడకి మాత్రం ఎవరూ వేసుకోనివ్వలేదు. మేజోడుకి ఏం అదృష్టం ఉంటుంది? భర్త యోహాను పోయిన ఏడు, ఆ కాలి మంచితనం ఇంకా ఉందా పోయిందా అని ఊరంతా తర్జనభర్జన పడింది. ఎందుకైనా మంచిదని దించారు. ఆ ఏడు గాదెలు పట్టని పంట. ఇంక ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఈ సేవకి ఆవిడకి ముట్టేది రెండు అరటిపళ్లూ ఒక తమలపాకుల కట్టా. ఆవిడ ఆకులు నమలదు.

అలా ఇత్తడి పలక మీద మొదటి కాలు సువార్తమ్మది పడింది. ఖాతా అడిగితే ఏలీషా ఆవిడ పింఛను ఖాతా చెప్పాడు. ఆ వెనక రైతులందరూ కాళ్లు సబ్బుతో కడుక్కుని మరీ వచ్చి మోపారు. ఆనక చేను చేనుకీ కడ్డీ గుచ్చితే, పేర్లు మనిషి చెయ్యి పడకుండా తిన్నగా పైకి వెళ్లిపోయాయి. పాపం, ఆ కాళ్లని మట్టి చూసి ఏళ్లు గడిచిపోయాయి. దమ్ము ట్రాక్టరు చేస్తుంది, మందు డ్రోను కొడుతుంది, కోత మిషను కోస్తుంది. కౌలు రైతైనా, సొంత రైతైనా గట్టు మీద చెప్పులతో నిలబడి అరిచేవాడే. అరుపులు పట్టే యంత్రం ఇంకా రాలేదు.

*

"ఏవే సువార్తా!" అని సందు మొదట్లో కేకేసిన కాశీబాబు, గుమ్మం దగ్గరికొచ్చేసరికి "ఏవమ్మా సువార్తమ్మా," అన్నాడు. ఏలీషా బియ్యం డబ్బాలోంచి సెల్లు తీసి, అందులో అంకె పైకి చదివాక, ఆ కాశీబాబే "సువార్తమ్మ గారూ," అన్నాడు. వెనకాల ఎవరో పరుగున వెళ్లి కుర్చీ తెచ్చారు. ఆయనకి కాదు, ఆవిడకి.

ఆవిడ కూర్చోలేదు. "మీ సొమ్ము మీరు అట్టుకుపొండి బాబూ. నాకెందుకండీ ఈ గోల. మెత్తళ్లు ఎండకి నల్లబడిపోతన్నాయి."

అలా అట్టుకుపోవడానికి వీల్లేకపోయింది. అంత సొమ్ము ఒక్క పింఛను ఖాతాలో పడేసరికి బ్యాంకువాళ్లు ఖాతాకి తాళం వేసేశారు. తెల్లారేసరికి సొమ్ము సంగతి ఇంకో ఆఫీసుకి తెలిసింది. అక్కడినుంచి ఇంకో ఆఫీసుకి. మనుషులు చెప్పుకోకపోయినా కంప్యూటర్లు ఒకదానితో ఒకటి చెప్పుకుంటాయి. ఒకటో తారీఖున సువార్తమ్మకి వితంతు పింఛను రాలేదు. బియ్యం బండి దగ్గర వేలు పెడితే, "పెద్ద రైతు, అర్హత లేదు" అని వచ్చింది.

సాయంత్రం ఏలీషా వచ్చేసరికి ఆవిడ గుమ్మంలో కొంగు బిగించి కూర్చునుంది.

"ఏరా, నేను పెద్ద రైతునంటగా?"

"కంప్యూటరు అలా అనుకుంటోంది పెద్దమ్మా."

"పెద్ద రైతులు బియ్యం ఎక్కడ కొనుక్కుంటారో కూడా అదే సెప్పుద్దేమో అడుగు. ఊరికి బువ్వ పెట్టే దాన్నంట, డబ్బాలో నా సెల్లుకి మందేద్దామన్నా గింజ లేదు." మళ్లీ అంది: "ఆ కాశీబాబుకి సెప్పు. నా పింఛను నాకొచ్చేదాకా, ఆళ్ల సొమ్ములో పైసా కదలాలన్నా నేను ఏలిముద్ర ఎయ్యను."

మరునాడు జిల్లా నుంచి ఏలీషాకి తాఖీదు. వచ్చే దాళ్వాకి యంత్రం తిన్నగా చెప్పకపోతే, పెద్దమ్మతో కుమ్మక్కయ్యావని తేల్చి ఉద్యోగం పీకేస్తాం. తాఖీదులో భాష ఇంకా మర్యాదగా ఉంది, భావం ఇదే.

*

"యంత్రం తప్పు చెప్పిందా మేడం?" ఏలీషా దోనెలపాడు మట్టిని చేనుకో సంచి చొప్పున మోసుకుని ప్రయోగశాలకి వెళ్లాడు.

డాక్టర్ భార్గవి సంచి సంచికీ కడ్డీ గుచ్చింది. అన్నిట్లోనూ ఒకటే కూత. మొదట పకపకా నవ్వింది. తరవాత ఏలీషా మొహం చూసి ఆపేసింది.

"తప్పు చెబితే బాగుచేసేదాన్నే. నిజం చెబుతోందయ్యా, అదే చిక్కు. ఒక చేలో ఒక రైతు దిగుతాడనుకుని తయారుచేశాను. గట్టు మీదే ఉండిపోతాడని నాకెవరూ చెప్పలేదు."

"నాకు తెలుసండి," అన్నాడు ఏలీషా నీళ్లు నములుతూ. "అడగలేదని చెప్పలేదండి."

ఆవిడ నెత్తి కొట్టుకుని, ఒకే దారి చెప్పింది. ఒక పంట కాలం ఆ చేలలో సువార్తమ్మ కాలు పడకూడదు. రైతులే దిగి ఊడ్చుకోవాలి. కొత్త కాళ్లు గట్టిగా పడితే పాత కాలు మరుగునపడుతుంది. అప్పుడు రైతు రైతవుతాడు, సువార్తమ్మ మళ్లీ పేదరాలవుతుంది, పింఛను దానంతటదే వచ్చేస్తుంది.

ఏలీషా బస్సులో వస్తూ ఆ చివరి మాటని చాలాసేపు నమిలాడు. పెద్దమ్మని మళ్లీ పేదరాల్ని చెయ్యడానికి తను ఇంత చదువు చదివాడన్నమాట.

*

ఆ ఏటి దాళ్వా ఊడుపుల్లాంటివి దోనెలపాడు ముందూ చూడలేదు, వెనకా చూడలేదు.

కాశీబాబు లుంగీ ఎగ్గట్టి, దేవుణ్ణి తలుచుకుని చేలో కాలు పెట్టాడు. కాలు మోకాలిదాకా దిగింది. దాన్ని లాగబోతే రెండోది దిగింది. రెంటినీ లాగబోతే ఆయనే దిగాడు. కౌలు రైతులు కొందరు కుర్రతనంలో ఊడ్చినవాళ్లే, అయినా వెనక్కి నడవడం మరిచిపోయి, తాము నాటిన నారు తామే తొక్కుకుంటూ ముందుకొచ్చారు. వరసలు పాము పాకినట్టున్నాయి.

ఏ చేలోనూ దిగకుండా కళ్లెదుటే ఉండాలని సువార్తమ్మని గట్టు మీద కుర్చీలో కూర్చోబెట్టారు. కింద పొరపాటున కాలు పెట్టేస్తుందేమోనని కాళ్ల కింద పీట వేశారు, ఎండ తగలకుండా గొడుగు పెట్టారు. మామూలుగా కాశీబాబు కూర్చునే చోటే అది. మొదటి రోజు ఆవిడ మాట్లాడలేదు. రెండో రోజు ఉండబట్టలేకపోయింది.

"బాబూ, కుదురు మెడదాకా పూడ్చేత్తన్నారు, ఊపిరాడదండి దానికి! ... ఓ అబ్బులూ, అది వరసా, మీ ఇంటి దారా? ... నడుం వంచండి కాశీబాబు గారూ, నేల మీరున్న కాడికి రాదు!"

"అరవకే తల్లీ, నడుం పట్టేసింది," అన్నాడు కాశీబాబు బురదలోంచి.

"మీరు నన్ను అరిసినప్పుడు నాకూ అట్టేసిందండి. మీకు ఇనపళ్లేదు గావాల."

ఊరంతా నవ్వింది. ఏలీషా కూడా నవ్వి, వెంటనే మానేశాడు. ఎందుకంటే ముఠా పని కోసం పక్క ఊళ్లకి వెళుతోంది, సువార్తమ్మ వెళ్లలేకపోతోంది. మట్టిసాక్షి రేపు తమ ఊరికీ వస్తుందని పక్క ఊళ్లవాళ్లకి తెలుసు. "అమ్మో, ఆ కాలు దిగిందంటే మా సొమ్ము కూడా అటే పోద్ది," అని గట్టు దగ్గరే ఆపేస్తున్నారు. పింఛను లేదు, బియ్యం లేవు, కూలీ లేదు. బురద తగలక ఆవిడ అరికాళ్లు ఎండాకాలం చెరువులా నెర్రెలు విచ్చాయి. ఏలీషా బియ్యం మూట తెస్తే తీసుకుంది గానీ, "అప్పేరా, ఊరికే గాదు," అంది.

అయితే కొన్నాళ్లకి ఒక వింత జరిగింది. వంకర వరసలు తిన్ననయ్యాయి. పైరు పచ్చగా, దట్టంగా లేచింది. గట్ల మీద రైతులు మీసాలు దువ్వుకున్నారు. "చూశావా, దిగాలే గానీ మనకి రాని పనా?" అన్నాడు కాశీబాబు. ఏలీషా మంచివాడు కనక నమ్మాడు. పెద్దమ్మ కూడా ఈ మధ్య అప్పు బియ్యం తీసుకోవడం మానేసింది. అదీ మంచికే అనుకున్నాడు.

*

మళ్లీ కడ్డీ గుచ్చే రోజు వచ్చింది. జిల్లా అధికారి వచ్చాడు. డాక్టర్ భార్గవి స్వయంగా యంత్రం పట్టుకొచ్చింది. ఊరు ఊరంతా గట్ల మీద నిలబడింది. ఈసారి సొమ్ము వెయ్యరు, పేర్లు మాత్రం పైకి చదువుతారు.

మొదట కాశీబాబు చేను. ఆయన గుండెలమీద చెయ్యేసుకున్నాడు. ఏలీషా కడ్డీ గుచ్చాడు. పెట్టె కూసింది.

"మెల్లం సువార్తమ్మ."

పక్క చేను. సువార్తమ్మ. ఆ పక్క చేను. సువార్తమ్మ. కూత కూతకీ ఏలీషా ఉద్యోగం ఒక్కో జానెడు దూరం జరుగుతోంది. వాళ్ల నాన్న అరెకరంలో గుచ్చుతూ నాన్న మొహంలోకి చూశాడు. నాన్న ఆకాశంలోకి చూశాడు. కూసింది. సువార్తమ్మ.

"ఏమిటయ్యా ఇది?" అన్నాడు అధికారి. "ఆవిడ కాలు పడకూడదని చెప్పాం కదా?"

ఏలీషా నేరుగా పెద్దమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆవిడ కుర్చీలో, పీట మీద కాళ్లు పెట్టుకుని, బుద్ధిమంతురాలిలా ఉంది. ఆ కాళ్లకి నెర్రెలు లేవు. వేళ్ల సందుల్లో నల్లరేగడి.

"పెద్దమ్మా, దిగావా?"

"పిలిత్తే దిగానురా."

"ఎవరు పిలిచారు?"

సువార్తమ్మ అందరి మొహాల్లోకీ ఒకసారి చూసింది. అందరూ చెప్పుల్లోకి చూసుకున్నారు.

"ఒకరని ఏం సెప్పను? ముందు కాశీబాబు గారొచ్చారు, అన్నాల ఏళప్పుడు, పెరటి దారిని. 'సువార్తమ్మా, నీ కాలు పడకపోతే గింజ పట్టదేమోనని బయంగా ఉంది, ఒక్క అడుగేసి పో, మూడో కంటికి తెలీకూడదు' అన్నారు. డబల్ కూలీ ఇచ్చారు. ఆరటు ఎల్లాక ఆ పక్కచేనాయన. ఆయనా మూడో కంటికి తెలీకూడదన్నారు. వానలో ఒకరు, సంత రోజు ఒకరు. ఆకరికి మీ నాన్న. ఊళ్లో మూడో కన్ను మిగల్లేదురా ఏలీషా."

కాశీబాబు పక్కచేనాయన వైపు తిరిగాడు. "నువ్వు కూడానా?" పక్కచేనాయన అన్నాడు, "మీ చేను ఒక్కటే పండాలా ఏంటండీ?" ఏలీషా నాన్న ఇంకా ఆకాశంలోకే చూస్తున్నాడు.

"ఒక్క అడుగుకి ఇంతగా కూయదమ్మా," అంది డాక్టర్ భార్గవి.

సువార్తమ్మ మొదటిసారి కాస్త తడబడింది. తప్పు చేసి దొరికినదానిలా కొంగు సర్దుకుంది.

"ఒక్క అడుగే ఎయ్యమన్నారండి. ఏశాను. ఏశాక ఆ వరసలు కనపడ్డాయి. అలా వదిలేసి ఎట్టా ఎల్లనండీ? నాలుగు కుదుళ్లు సరిసేద్దామనుకున్నాను. నాలుక్కీ పక్కన నాలుగు. చేను అయిపోయింది. అలాగే అన్నీనూ."

అధికారి ఎంతోసేపు పైరుని చూశాడు. పైరు తలలూపుతూ, తిన్నగా, దారం పట్టి నాటినట్టుంది. ఆయన ఏలీషాని పక్కకి పిలిచాడు.

"ఒక్క ఆడమనిషి ఊరు ఊరంతా సాగు చేస్తోందని పైకి ఎలా రాయమంటావయ్యా? నవ్వుతారు."

ఏలీషాకి మెడ దగ్గర గుండీ ఊపిరాడనివ్వలేదు. పదవ తరగతి నుంచీ విప్పని ఆ గుండీని విప్పాడు.

"చేస్తోందనే రాయండి సార్. నవ్వితే నవ్వనివ్వండి. కాకపోతే సాగు చేసినంతమాత్రాన ఆవిడకి భూమి వచ్చేయలేదని కూడా రాయండి. ఆ రెండో ముక్క రాయకే పింఛను పోయింది."

అధికారి నిట్టూర్చాడు. "నిజమేనయ్యా. నిజమే గానీ, నిజానికి మన ఫారంలో ఇంకా గడి లేదు."

గడి లేకపోయినా, ఆయన రాశాడు. రెండో ముక్క పైన ఎవరో చదివారు కూడా. సువార్తమ్మకి పింఛను పాత బకాయితో వచ్చింది, బియ్యం బండి ఆవిడ వేలిని మళ్లీ గుర్తుపట్టింది. బ్యాంకువాళ్లు ఖాతా తాళం తీస్తే ఆవిడ వేలిముద్ర వేసింది, ఎవరి సొమ్ము వాళ్లకి చేరింది. ఏలీషా ఉద్యోగం నిలబడింది. మొదటి ముక్క మీద మాత్రం ఏదీ తేల్చకుండా, మట్టిసాక్షిని "మరింత మెరుగుపరచడం కోసం" అని పరిశోధనా కేంద్రంలో బీరువాలో పెట్టి తాళం వేయించారు. యంత్రాలకి ఆ రోగం తరచూ వస్తుంది. డాక్టర్ భార్గవి ఆ తాళంచెవి పక్కనే కూర్చుని, ఒక చేలో ఎన్ని కాళ్లున్నా అన్నిటినీ విడివిడిగా చెప్పే కొత్త కడ్డీ గీసుకుంటోందని ఏలీషాకి తెలుసు. మట్టి సంచులు మోసి ఇస్తున్నది తనే.

తొలకరి పడింది. సార్వాకి దమ్ములు అయిపోయాయి. కాశీబాబు సందులో చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చాడు. యంత్రం బీరువాలోకి పోయిందన్న ధైర్యంతో సందు మొదట్లోనే పాత గొంతు తీశాడు.

"ఏవే సువార్తా! మా చేలోకి ఎప్పుడు దిగుతున్నావు?"

సువార్తమ్మ మెత్తళ్ల తలలు తుంచడం ఆపలేదు. "కాలికి వేరే కూలీ అండి ఈసారి. అరటిపళ్లు మీరే తినండి."

"కాలికి కూలీయా! అడుగు పెట్టడానికి కూలీ ఏంటే?"

"పెట్టకపోవడానికైతే ఏమీ తీసుకోనండి."

కాశీబాబు గింజ పట్టని చేనుని ఒకసారి కళ్లముందు ఊహించుకున్నాడు. అక్కడే ఉన్న ఏలీషా వైపు చూశాడు, ఏలీషా వాళ్ల నాన్నలా ఆకాశంలోకి చూశాడు.

"సరేనమ్మా, ఇస్తాను. సువార్తమ్మ గారూ, ఇంతకీ మా చేలోకి ఎప్పుడొస్తారో అది చెప్పండి."

ఆవిడ చేతులు దులుపుకుని లేచింది.

"మా చేలోకి నేనెప్పుడెళితే మీకెందుకండీ కాశీబాబు గారూ? గట్టు మీద కుర్చీ ఏయించుకుని ఉండండి, వత్తాను."